వీధి పొడవునా నీలం గీత

మా ఊరి హైస్కూలుకు కొత్తగా వచ్చిన లెక్కల మేడం మా వీధిలో మొదటిసారి అడుగు పెట్టినప్పుడు చెప్పులు ఒక చేత్తో, చీర కుచ్చిళ్ళు ఇంకో చేత్తో పట్టుకుని ఉంది. ఆవిడది తెనాలి. పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కి, దిగి, అడవులదీవి వైపు వచ్చే ఆటోలో మా ఊరి దాకా వచ్చేది. ముందురోజు వాన పడింది. మా వీధిలో వాన కురవడం ఒక ఎత్తు, ఆ నీళ్ళు వెళ్ళిపోవడం ఇంకో ఎత్తు. వీధికి ఉత్తరం కొసన మెయిను రోడ్డు. దానికి రెండిళ్ళ ఇవతల మా ఇల్లు. సరిగ్గా మా అరుగు ముందు మోకాలి కిందిదాకా నీళ్ళు నిలబడి ఉండేవి.

నేను అరుగు మీద కూర్చుని గోంగూర గిల్లుకుంటున్నాను.

"ఏంటమ్మా, ఈ నీళ్ళల్లో పడి ఎక్కడికి?" అన్నాను.

"మీ పిల్లల కోసమేనండి మామ్మగారూ. క్లాసులో సగం మంది లేరు. ఏంటని అడిగితే నీళ్ళన్నారు. ఆ నీళ్ళేంటో చూద్దామని వచ్చాను."

"చూడండమ్మా, టిక్కెట్టేం లేదు."

ఆవిడ ఫక్కున నవ్వి అరుగెక్కి కూర్చుంది. నాతోపాటు నాలుగు కాడలు గిల్లింది కూడా. గిల్లుతూనే అడిగింది. "ఈ నీళ్ళు ఎందుకు పోవట్లేదండీ?"

"సైడు కాలవ పూడిపోయింది. ఏటా తీస్తారు, ఏటా పూడుద్ది. అటు పూడితే ఇటు ఎగదన్నుద్ది."

"అటంటే?"

"అటంటే ఏంటమ్మా, సముద్రం అటుందిగా!" అని దక్షిణం వైపు చెయ్యి చూపించాను.

నిజంగా ఆ ప్రశ్నకు నాకు ఆశ్చర్యమేసింది. కృష్ణ పైనుంచి వస్తుంది, సముద్రంలో కలుస్తుంది. మా కాలువలు, మా మురుగు, పొలం మీది నీళ్ళు, అన్నీ దక్షిణానికే. ఇది మాకు బడిలో చెప్పిన సంగతి కాదు, అన్నం తినడం ఎలా వచ్చిందో అలా వచ్చింది. తెనాలి మనిషై ఉండి కూడా ఈ మాత్రం తెలియదా అనుకున్నాను.

అప్పుడు గుమ్మం వెనక నుంచి మా మనవరాలు తొంగి చూసింది. ఎనిమిదో తరగతి. ఇంట్లో అందరికన్నా పెద్ద నోరు దానిదే. పక్కింటి కోడి మన ఇంట్లో గుడ్డు పెడితే అది ఎవరిదవుతుందో గంటసేపు వాదించగలదు. బళ్ళో బోర్డు ముందుకు పిలిస్తే మాత్రం నాలుక పిడచకట్టుకుపోయేది. లెక్కల్లో ప్రతి పరీక్షా తప్పేది. తోటిపిల్లలు దానికి 'మొద్దు' అని పేరు పెట్టేశారు. మా వాడు, అంటే నా కొడుకు, రొయ్యల లోడు తోలే చిన్న వ్యాను నడుపుతాడు. పిల్లను క్రిస్మస్ కాగానే తెనాలిలో ప్రైవేటు హాస్టల్లో వేసేయాలని తీర్మానించుకున్నాడు. మా కోడలి అక్క కొల్లిపరలో ఉంటుంది. వాళ్ళ పిల్ల తెనాలిలో ఆ హాస్టల్లోనే చదువుతోంది. తెల్లవారుజామున లేపుతారట, పొద్దుపోయేదాకా బట్టీ వేయిస్తారట. పోయిన ఏడాది దసరాకు ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్లను చూశాం. మార్కులు బాగానే ఉన్నాయి, మాటే తగ్గిపోయింది.

"నానమ్మా, నన్ను తెనాలి పంపొద్దని నాన్నకి చెప్పవా?" అని మా పిల్ల రోజూ నా కొంగు పట్టుకునేది. నేను చెప్పేదాన్ని. మా వాడు, "లెక్కలొస్తే ఉంచుతాను, రాకపోతే పంపుతాను. ఇందులో మాటలేముంది అమ్మా?" అనేవాడు. తండ్రిగా వాడి భయం వాడిది.

మర్నాడు మా పిల్ల బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. "నానమ్మా, మన వీధి నీళ్ళే మాకు ప్రాజెక్టంట!"

మా కోడలు లోపల్నుంచి, "మళ్ళీ థర్మోకోలు కొనాలా?" అంది.

ఆ మాటకు కారణం ఉంది. ప్రాజెక్టంటే అప్పటిదాకా మాకు తెలిసింది ఒకటే. పిల్లలు ముందురోజు సాయంత్రం చెబుతారు. తండ్రి రేపల్లె వెళ్ళి ఫ్యాన్సీ షాపులో థర్మోకోలు షీటు, రంగులు, మెరుపు కాగితాలు తెస్తాడు. తల్లి వంట ఆపుకుని కోసి, అంటించి, అగ్నిపర్వతమో సౌర కుటుంబమో చేసి పెడుతుంది. బిడ్డ నిద్రపోతుంది. పొద్దున్నే దాన్ని నలక్కుండా బడికి మోసుకెళ్ళడమే బిడ్డ చదువు. మా కోడలు చేసిన అగ్నిపర్వతానికి ఒకసారి పదికి తొమ్మిది వచ్చాయి. మా కోడలు చదువు మానేశాక వచ్చిన మార్కులవి. చాలా సంతోషించింది పాపం.

ఈసారి థర్మోకోలు అడగలేదు. "కొనేది ఏమీ లేదు. వీధిలో నీళ్ళు ఎందుకు నిలబడుతున్నాయో కనిపెట్టాలి. ఎలా పోతాయో చెప్పాలి. దసరా దాకా మనకు పాఠం ఇదే" అందట మేడం. మరి పుస్తకంలో పాఠాలో అని ఒక పిల్లాడు అడిగితే, "అన్నీ ఇందులోనే ఉన్నాయి, తవ్వుకుందాం" అందట.

తవ్వకం అలాంటిలాంటిది కాదు. వీధి పొడవు కొలిచి కాగితం మీదకు దింపాలంటే నిష్పత్తి కావాలి. నీళ్ళు ఎంత నిలబడ్డాయో తెలియాలంటే ఘనపరిమాణం కావాలి. పేర్లు నాకు పిల్లల నోటి వెంట వచ్చినవే. సోషలు టీచరు పంచాయతీ ఏం చేయాలో, ఎవరిని అడగాలో చెప్పింది. తెలుగు సారు పిల్లల్ని ఇంటింటికీ పంపి ముసలివాళ్ళ జ్ఞాపకాలు రాసుకు రమ్మన్నాడు. అలా నా దగ్గరికీ వచ్చారు. అడిగిందే చాలన్నట్టు నేను మొదలుపెట్టాను. ఏ తుపానుకు ఎవరి గోడ పడిందో, ఏ పెళ్ళినాడు గేదె చర్చి మెట్లెక్కి దిగనని మొరాయిస్తే పెళ్ళికొడుకు దాని పక్కనుంచి నక్కుతూ లోపలికి వెళ్ళాడో, అన్నీ చెప్పాను. రాసే పిల్లలకు చేతులు నొప్పి పుట్టాయి. చివర్న వాళ్ళు "నీళ్ళు ఎటు పోతాయి మామ్మా?" అని అడిగితే నేనూ, మా వీధిలో ప్రతి ముసలీ ముతకా దక్షిణానికే అని రాయించాం.

మా వాడికి ఇదంతా ఒళ్ళు మంట. "బడికి పంపేది చదువుకోడానికా, ఊళ్ళో మురుగు కొలవడానికా?" అని టీ కొట్టు దగ్గర అందరి ముందూ అన్నాడు. ఇంకో ఇద్దరు తండ్రులు వంత పాడారు. హెడ్మాస్టరు గారి దగ్గరికి కూడా వెళ్ళొచ్చారు. ఆయన, "దసరా దాకా చూడండి బాబూ, అప్పుడు నన్నే తిట్టండి" అని పంపేశాడట.

ఎత్తుపల్లాలు కొలవడానికి మేడం ఒక పలచటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చింది. తాపీ పనివాళ్ళు గోడ లేపేటప్పుడు వాడేదే. గొట్టం నిండా నీళ్ళు పోసి రెండు కొసలూ రెండు చోట్ల ఎత్తి పట్టుకుంటే, లోపలి నీళ్ళు రెండు కొసల్లోనూ ఒకే మట్టానికి నిలబడతాయి. ఆ మట్టం నుంచి నేల దాకా స్కేలుతో కొలిస్తే ఎక్కడ పల్లమో, ఎక్కడ మెరకో తేలిపోతుంది. పిల్లలు వీధంతా ఇల్లిల్లూ కొలుచుకుంటూ పోయారు. లెక్క వేసి చూస్తే దక్షిణమే పల్లమని తేలింది. మేము అనుకున్నదే కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు. చార్టు గీసేశారు. 'కాలువ ఇంకా లోతుగా తవ్వాలి' అని అర్జీ కూడా సిద్ధం చేశారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లో చుట్టాల భోజనాలు. గిన్నెలన్నీ తోమి మా మనవరాలు ఆ సబ్బు నీళ్ళు వీధిలోకి పారబోసి, అక్కడే గొంతుక్కూర్చుంది.

"ఏంటే, అక్కడే పాతుకుపోయావు?"

"నానమ్మా, ఇవి అటు పోతున్నాయేంటి?"

చూస్తే నురగ నెమ్మదిగా మెయిను రోడ్డు వైపు, అంటే ఉత్తరానికి పాకుతోంది.

"గాలికి" అన్నాను.

"గాలి ఎటుంది?"

కొంగు ఎత్తి చూశాను. సముద్రం గాలే, ఉత్తరానికే తోస్తోంది. "చెప్పానా!" అన్నాను. అది వినలేదు. గాలి పడిపోయేదాకా కాచుకుని కూర్చుని, సాయంత్రం ఇంకో బకెట్టు పోసింది. అవీ ఉత్తరానికే. చర్చి దగ్గరికి వెళ్ళి పోసింది. అక్కడా అంతే. మా కోడలు, "ఒసేయ్, కుళాయి నీళ్ళన్నీ వీధిలో పోస్తున్నావు, రేపు అన్నం నీ లెక్కల్లో వండుతానా?" అని అరిచింది.

మర్నాడు క్లాసులో నోరు తెరిచి ఈ సంగతి చెప్పడానికి దానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. చెప్పింది. ఒకడు, "నీళ్ళు కూడా నీలాగే మొద్దులేమో, దారి తప్పాయి" అన్నాడట. క్లాసంతా నవ్వింది. మేడం మాత్రం చార్టు గోడ మీంచి తీసేసిందట. "అనుమానం వచ్చాక దీన్ని ఉంచకూడదు. మళ్ళీ కొలుద్దాం. అనుమానం ఎవరికొచ్చిందో గొట్టం వాళ్ళే పట్టుకోవాలి" అందట.

అలా గొట్టం మా పిల్ల చేతికి వచ్చింది. అది మా అరుగు మీద గొట్టం పరిచి, కొస నుంచి కొసదాకా వేలితో తడుముకుంటూ పోయింది. మడత దగ్గర బొటనవేలంత పొడవున గాలి ఇరుక్కుని ఉంది! గాలి అడ్డముంటే రెండు కొసల్లో నీళ్ళు సమంగా నిలవవట. కొలిచిన ప్రతి చోటా కొంచెం కొంచెం తప్పు చూపించి, చివరికి మెరకను పల్లం చేసి కూర్చుంది. ఆ తప్పు మా అందరి నమ్మకానికి సరిపోయింది కాబట్టి గొట్టాన్ని ఎవరూ అనుమానించలేదు.

"ఒరేయ్, బుడగరా!" అని అది అరిచిన అరుపుకు పక్కింటి కోళ్ళు లేచిపోయాయి. నవ్విన పిల్లాడే వంగి చూసి, "అవునే" అన్నాడు.

రెండోసారి కొలిచినప్పుడు వాళ్ళకొక ఆలోచన వచ్చింది. లెక్క చెబితే పెద్దవాళ్ళు నమ్మరు, కళ్ళకు చూపించాలి. బట్టలకు పెట్టే నీలిమందు కలుపుకుని, గొట్టంలో నీళ్ళ మట్టం ఎక్కడ నిలబడితే అక్కడ ప్రతి ఇంటి గోడ మీదా గీత పెట్టుకుంటూ వచ్చారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మట్టం, ఒకే గీత. మా ఎదురింటి తాత క్రిస్మస్‌కని ముందుగానే సున్నం వేయించుకున్నాడు. ఆయన కర్ర పట్టుకుని లేచాడు. "నా గోడ మీద గీస్తే కాళ్ళు విరగ్గొడతా!" అన్నాడు. మా పిల్ల, "నీ గోడ లేకపోతే గీత తెగిపోద్ది తాతా. ఊరంతా నీ గోడ దగ్గరే తెగిందంటారు, ఆలోచించుకో" అంది. ఆయన కాసేపు గొణిగి, "సన్నగా పెట్టండి" అన్నాడు.

పంచాయతీ వాళ్ళు ఏటా తీసే కాలువ పనికి ఆ వారమే మనుషుల్ని మాట్లాడుకున్నారు. అది మొదలుకాక ముందే మేడం సర్పంచి గారిని, వార్డు మెంబర్లను, తల్లిదండ్రులను సాయంత్రం పూట మా వీధికి రమ్మంది. మా వాడు కూడా వచ్చాడు. చేతులు కట్టుకుని వ్యానుకు ఆనుకుని నిలబడ్డాడు.

మా పిల్లే ముందుకు వచ్చింది.

"సర్పంచి గారూ, మీరు ఈ గీత పట్టుకుని నడవండి సార్. మేమేం చెప్పం" అంది.

ఆయన దక్షిణం కొసన పాస్టరు గారి ప్రహరీ దగ్గర మొదలుపెట్టాడు. అక్కడ గీత ఆయన మోకాలికి తగిలింది. జనమంతా ఆయన వెనకే. చర్చి దాటేసరికి గీత తొడ దాకా వచ్చింది. మా ఇంటి దగ్గర నడుము పట్టీకి వచ్చింది. ఆయన ఆగి, వెనక్కి చూసి, మళ్ళీ గీతను చూశాడు.

"అంటే గీత పైకెక్కిందా?"

"గీత ఎక్కలేదు సార్. మీరే దిగారు."

ఎదురింటి తాత, "సముద్రం ఒకవైపుంటే నీళ్ళు ఇంకోవైపు ఎట్టా పోతాయే? ఎక్కడన్నా విన్నామా?" అన్నాడు.

"సముద్రానికే పోతాయి తాతా. రోడ్డు అవతల మురుగు కాలవ ఉందిగా, అది వంపు తిరిగి అక్కడికే పోద్ది. కాస్త చుట్టు తిరిగి పోతాయంతే" అంది. రొయ్యల చెరువుల లారీల కోసం దక్షిణం కొసన ఏళ్ళ తరబడి మట్టి పోసి మెరక చేశారని, ఉత్తరాన మెయిను రోడ్డు ఎత్తు పెంచినప్పుడు కింద తూము పెట్టలేదని, నీళ్ళు వచ్చి ఆ రోడ్డుకు కొట్టుకుని మా ఇంటి ముందు నిలబడుతున్నాయని, పక్క పిల్లలు వంతులవారీగా చెప్పారు. ఏటా దక్షిణం వైపు తవ్వుతున్నది నీళ్ళు రాని కాలువ!

సర్పంచి గారు నవ్వేశాడు. "మా తాత కూడా అటే తవ్వించాడే" అన్నాడు. తర్వాత మేడంతో, "పని ఆపిస్తానండి. ఇంజనీరు గారు వచ్చి చూస్తారు" అన్నాడు. ఇంజనీరు గారు వచ్చి తన పరికరంతో చూసుకుని, పిల్లల లెక్క దగ్గరగానే ఉందని చెప్పి, రోడ్డు కింద తూముకు గుర్తు పెట్టించారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా వాడు, "మాట్లాడటం బాగానే మాట్లాడింది. మాటలకు మార్కులేస్తారా?" అన్నాడు. పిల్ల పళ్ళెం ముందు నుంచి లేచిపోయింది.

తూము పని జరుగుతుండగా బాపట్లలో జిల్లా ప్రదర్శన వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి బండి దొరక్కపోతే మేడం నేరుగా మా వాడినే అడిగింది. వాడు మొహమాటపడి వ్యాను కడిగి, రొయ్యల వాసన పోవడానికి ఊదొత్తులు కూడా వెలిగించాడు. పిల్లలతో పాటు నేనూ ఎక్కాను. బాపట్లలో హాలు నిండా థర్మోకోలే. లైట్లు వెలిగేవి, చేతులు ఊపే బొమ్మలు. మావాళ్ళ దగ్గర గొట్టం, నీలిమందు సీసా, వీధి పటం. చూసేందుకు వచ్చిన సారు, "మొదటిసారే సరిగ్గా వచ్చిందా?" అని అడిగాడు.

"లేదండి. తప్పొచ్చింది. ఆ తప్పు మాకు నచ్చింది కూడా" అని మా పిల్ల బుడగ సంగతి పూస గుచ్చినట్టు చెప్పింది. ఆయన చాలాసేపు నిలబడి విన్నాడు. ప్రైజు మాత్రం చేతులు ఊపే బొమ్మకు వెళ్ళింది.

పొన్నూరు రోడ్డు దాటుతుండగా మా వాడు, "ఉన్న తప్పంతా చెప్పేసుకుంటే ప్రైజెవడిస్తాడు?" అన్నాడు. వెనక మా పిల్ల గొట్టం చుట్ట చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. క్రిస్మస్ దగ్గరపడుతోంది. మా కోడలు అప్పటికే ట్రంకు పెట్టె దులిపి ఎండలో పెట్టింది.

తూము పని ముగిసిన కొన్నాళ్ళకే బంగాళాఖాతంలో వాయుగుండం పడింది. రాత్రంతా ఒకటే వాన. తెల్లవారి నేను తలుపు తీశాను. వీధి కనిపిస్తోంది! నీళ్ళ కింద దాక్కుని ఉండే మా వీధి సిమెంటు, తడిసి నల్లగా, గోతులతో సహా కనిపిస్తోంది. కాలువలో నీళ్ళు గలగలా ఉత్తరానికి ఉరుకుతున్నాయి. ఆకులు, పుల్లలు, ఎవరిదో ఒంటి చెప్పు, అన్నీ మా ఇంటి ముందు నుంచి పరుగెత్తి రోడ్డు కింద దూరుతున్నాయి.

వీధి వీధంతా వానలోనే బయటికొచ్చింది. పిల్లలు తూము అవతలికి పరిగెత్తి, చెప్పు బయటికి రాగానే కేకలు పెట్టారు. ఎదురింటి తాత గొడుగు పట్టుకుని కాలువ పక్కనే నిలబడి, నీళ్ళను కర్రతో తోస్తున్నాడు, అవేదో ఆయన చెబితేనే వెళ్తున్నట్టు. మా వాడిని చూసి, "ఏరా, నీ కూతురు సముద్రాన్నే ఇటు తిప్పింది కదరా!" అన్నాడు.

మా వాడు చెప్పుల్లేకుండా వీధిలోకి దిగాడు. కాలువ వెంబడే దక్షిణం కొసదాకా వెళ్ళాడు, మళ్ళీ ఉత్తరం కొసదాకా వచ్చాడు. తూము దగ్గర వంగి చూశాడు. తడిసి ముద్దయి ఇంటికొచ్చి, "గొట్టం ఏదీ?" అని కూతుర్ని అడిగాడు. అది తెచ్చింది. "ఎట్టా చూస్తారో చూపించు" అన్నాడు. తండ్రీకూతుళ్ళు వరండాలో చెరో కొసా పట్టుకుని కూర్చున్నారు. అది చెబుతోంది. వీడు మధ్యలో ఏదో అంటే, "అట్టా కాదు నాన్నా, ముందు బుడగ చూడాలి" అని కసిరింది. కసిరించుకున్నాడు! లెక్క కూడా దాని చేతే వేయించాడు. అది నేల మీద బొగ్గుతో వేసి చూపించింది. నాలుక పిడచకట్టలేదు.

ఆ మధ్యాహ్నమే తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. మా వాడు స్పీకరు పెట్టాడు.

"సీటు ఉంచామండి. పాపను ఎప్పుడు తీసుకొస్తున్నారు?"

మా కోడలు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"తీసుకురావట్లేదండి" అన్నాడు మా వాడు.

"అదేంటండీ, ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బందేం లేదండి. మా అమ్మాయికి ఇక్కడ పనుంది. ఊళ్ళో బావుల్లో నీళ్ళు ఎందుకు ఉప్పగా అవుతున్నాయో చూడాలంట, వాళ్ళ మేడం కొత్త ప్రాజెక్టు ఇచ్చింది. సగంలో వదిలేసి రాలేదు కదండీ."

అవతలి మనిషి ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. పిల్ల వాళ్ళ నాన్న మెడకు చుట్టుకుని వేసిన కేక రోడ్డు దాకా పోయి ఉంటుంది. మా కోడలు గరిటెతో కళ్ళు తుడుచుకోబోయి ఆగి, వరండాలో పెట్టిన ట్రంకు పెట్టెను జల్లు తగలకుండా లోపలికి లాగింది. "బావుల నీళ్ళకి సీసాలు కావాలిగా, ఇందులో పెట్టుకోండి" అంది.

ఆ సాయంత్రానికి అందులో సగం సీసాలు చేరాయి. అందరికన్నా ముందు తన బావి నీళ్ళు తెచ్చి ఇచ్చింది ఎదురింటి తాతే. "చూసి చెప్పండే. మావి తియ్యటి నీళ్ళే, నాకు తెలుసు" అన్నాడు.

"కొలిచాక చెబుతాం తాతా" అంది మా పిల్ల.